113 దగ్గర దించాలి, 43 దగ్గర కలపాలి: చాక్లెట్ ఫడ్జ్ వెనుక లెక్కలు

600 గ్రాముల పంచదార, 360 మిల్లీలీటర్ల పాలు, 60 గ్రాములకు కాస్త తక్కువగా కోకో పొడి, దాదాపు అంతే వెన్న, చిటికెడు ఉప్పు, ఒక చెంచా వెనీలా ఎసెన్స్. అమెరికాలో డిసెంబరు వచ్చిందంటే ఇంటింటా తయారయ్యే చాక్లెట్ ఫడ్జ్‌కు బాగా వాడుకలో ఉన్న కొలత ఇది. క్రిస్మస్‌కి ముందు వారం ఈ ముక్కలను రేకు డబ్బాల్లో పేర్చి ఇరుగుపొరుగుకి, బడిలో టీచర్లకి, ఆఫీసులో తోటివారికి పంచుతారు. దొరకని సరుకు ఇందులో ఒక్కటీ లేదు. అయినా ఇవే కొలతలతో ఒకరింట్లో నోట్లో వేసుకోగానే కరిగిపోయే ముక్క వస్తుంది. ఇంకొకరింట్లో పంటికింద పంచదార పలుకులు తగిలే పొడిపొడి గడ్డ తయారవుతుంది. మరొకరింట్లో రాత్రంతా ఉంచినా గట్టిపడని చిక్కటి సాస్ మిగులుతుంది.

దీన్ని చేతి మహిమ అని వదిలేయడం నాకు ఇష్టం లేదు. రెండు ఉష్ణోగ్రతలు, ఆ రెంటి మధ్య గిన్నెను కదపకుండా వదిలేసే గంటో గంటన్నరో సమయం: ఫడ్జ్ గెలిచినా ఓడినా అక్కడే. ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే మొదటిసారి చేసేవాళ్ళకు కూడా కుదురుతుంది.

ఒక టేబుల్ స్పూన్ నీరు

పాలలో దాదాపు 87 శాతం నీరే. 360 మిల్లీలీటర్ల పాలు పోస్తే గిన్నెలోకి 320 గ్రాముల నీరు చేరినట్టు. పంచదార అందులో కరుగుతుంది. మరుగుతున్న కొద్దీ నీరు ఆవిరవుతుంది, పాకం చిక్కబడుతుంది. చిక్కబడే కొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత కూడా పైకి జరుగుతుంది. వట్టి నీరు సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది, పాకం ఆగదు. కాబట్టి పాకంలో ముంచిన థర్మామీటరును చూసి గిన్నెలో ఇంకా ఎంత నీరుందో చెప్పవచ్చు.

మిఠాయి తయారీలో వాడే పట్టికల ప్రకారం 110 డిగ్రీల దగ్గర పాకంలో 80 శాతం పంచదార, 20 శాతం నీరు ఉంటాయి. 112 నుంచి 116 డిగ్రీల మధ్య పంచదార సుమారు 85 శాతానికి చేరుతుంది. 118 నుంచి 120 మధ్య 87 శాతం అవుతుంది. శాతాల్లో చూస్తే ఈ తేడాలు చిన్నవిగానే ఉంటాయి. మన 600 గ్రాముల పంచదారకు లెక్కవేస్తే మొదటి దశలో మిగిలిన నీరు 150 గ్రాములు, రెండో దశలో 106, మూడో దశలో 90. పాలు, కోకో కలిసినప్పుడు ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి గానీ లెక్క తీరు మారదు. 150 గ్రాముల దగ్గర దించితే ఫడ్జ్ గడ్డకట్టదు. 106 దగ్గర దించితే మెత్తగా, కత్తికి తెగేలా వస్తుంది. 90 దాకా పోనిస్తే గట్టిపడి విరిగి రాలుతుంది.

106కీ 90కీ తేడా 16 గ్రాములు. అంటే ఒక టేబుల్ స్పూన్ నీరు. ముప్పావు కిలోకు పైగా వచ్చే మిఠాయి మంచీచెడ్డా ఆ ఒక్క చెంచా నీటి మీద ఉంది. పొయ్యి దగ్గర చివరి నాలుగు నిమిషాలు ఫోను పక్కన పెట్టమని నేను చెప్పేది అందుకే.

మిఠాయి థర్మామీటరు లేని తెలుగు ఇంటికి కూడా ఈ దశ కొత్తది కాదు. సంక్రాంతికి అరిసెల పాకం పట్టేటప్పుడు పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి, అందులో చుక్క పాకం వేసి, వేళ్ళతో దగ్గరికి తీసి చూస్తారు కదా. పాకం నీళ్ళలో కలిసిపోతే ఇంకా లేత. మెత్తటి ఉండ కట్టి, నీళ్ళలోంచి తీశాక వేళ్ళ మధ్య నెమ్మదిగా అణిగితే ఉండపాకం. టంగుమని మోగితే ముదిరిపోయినట్టు. అమెరికా వంట పుస్తకాలు ఫడ్జ్‌కు చెప్పే పరీక్ష కూడా అచ్చంగా ఇదే: చల్లటి నీటిలో మెత్తటి ఉండ. మైసూర్‌పాక్‌కు పట్టే తీగపాకం దీనికి సరిపోదు, చిక్కీకి పట్టే ముదురుపాకం దీన్ని దాటిపోతుంది. ఏటా అరిసెలు వండే అమ్మకో అత్తయ్యకో థర్మామీటరు లేకుండానే ఫడ్జ్ దించే సమయం తెలుస్తుంది. పరీక్ష చేసే ఆ అర నిమిషం మాత్రం గిన్నెను పొయ్యి మీంచి పక్కకు దించాలి, లేకపోతే చూసేలోపు పాకం ముదిరిపోతుంది.

ఏ ఊళ్ళో వండుతున్నారు?

వంటకం మీద 113 డిగ్రీలు అని రాసి ఉంటే అది సముద్రమట్టం దగ్గర ఉన్నవారికి రాసిన అంకె. ఎత్తు ప్రతి 300 మీటర్లకు నీరు మరిగే ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. విశాఖపట్నంలో, మచిలీపట్నంలో దీని గురించి ఆలోచించనక్కర్లేదు. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది, అక్కడ నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. బెంగళూరులో 97 దగ్గర. అమెరికాలోని డెన్వర్ ఎత్తు 1,609 మీటర్లు, అక్కడ 95 డిగ్రీలకే నీరు తెర్లుతుంది. డెన్వర్‌లో ఉంటున్న కుటుంబం థర్మామీటరులో 113 కనిపించేదాకా ఉడికిస్తే, అది సముద్రమట్టం దగ్గర 118 దాకా ఉడికించినట్టే. చెంచా నీరు ఎక్కువగా ఆవిరైపోయింది, ఫడ్జ్ రాయి అయింది.

అందుకని అంకెను బట్టీపట్టకుండా ఒక చిన్న పని చేయాలి. ముందుగా గిన్నెడు నీళ్ళు కళపెళా మరగనిచ్చి థర్మామీటరు ముంచి ఎంత చూపిస్తుందో రాసుకోండి. ఆ అంకెకు 13 కలపండి. హైదరాబాద్‌లో 111, డెన్వర్‌లో 108, చెన్నైలో 113. మీ థర్మామీటరు రెండు డిగ్రీలు తప్పు చూపించే రకమైనా ఈ లెక్కతో ఆ తప్పు కూడా సర్దుకుంటుంది. థర్మామీటరు మొన గిన్నె అడుగుకు తగలకూడదు, తగిలితే అది పాకం వేడిని కాకుండా లోహం వేడిని చూపిస్తుంది.

గిన్నె పెద్దది కావాలి. పాలు, పంచదార, కోకో కలిసి పొంగినప్పుడు మూడింతలు పైకి లేస్తాయి. అడుగు మందంగా, మూడు నాలుగు లీటర్లు పట్టే గిన్నె ఉంటేనే మొదలుపెట్టండి. పాకం అంటిన చర్మం మరిగే నీటి కంటే దారుణంగా కాలుతుంది, ఎందుకంటే వేడి ఎక్కువ, పైగా అది జారిపోదు, అంటుకుని ఉంటుంది. చిన్నపిల్లలకు ఈ పనిలో వాటా ఇవ్వాలంటే చివరికి ముక్కలు పేర్చే పని ఇవ్వండి.

43 డిగ్రీల దాకా మౌనం

ఇక రెండో అంకె. చాలామంది దాటేసేది దీన్నే.

100 గ్రాముల నీరు 100 డిగ్రీల దగ్గర 487 గ్రాముల పంచదారను కరిగించుకోగలదు. 20 డిగ్రీల దగ్గర 204 గ్రాములే. మధ్యలో, 43 డిగ్రీల దగ్గర, 240 చిల్లర. ఉండపాకం దశలో మన గిన్నెలో 106 గ్రాముల నీరు, 600 గ్రాముల పంచదార ఉన్నాయి. అది 43 డిగ్రీలకు చల్లారితే ఆ నీటికి పట్టేది దాదాపు 260 గ్రాములు. మిగిలిన 340 గ్రాములకు నీటిలో చోటు లేదు, గట్టి పలుకులుగా బయటికి రావాల్సిందే. సగానికి పైగా పంచదార పలుకు కట్టి, ఆ పలుకుల మధ్య మిగిలిన పాకం, వెన్న, కోకో నిండి ఉండటమే ఫడ్జ్. పలుకు కట్టకూడదన్నది అపోహ. అసలు పలుకులు లేకపోతే అది టాఫీ అవుతుంది. పలుకులు ఉండాలి, కానీ నాలుకకు తెలియనంత చిన్నవిగా ఉండాలి.

ఎంత చిన్నవి? మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సుమారు 25, 30 మైక్రాన్ల కంటే చిన్న పలుకులను నాలుక విడివిడిగా గుర్తుపట్టలేదు, నున్నగా ఉందనే అనుకుంటుంది. 100 మైక్రాన్లకు పెరిగితే కరకర తెలిసిపోతుంది. అదే 340 గ్రాముల పంచదార 100 మైక్రాన్ల పలుకులుగా కాకుండా 20 మైక్రాన్ల పలుకులుగా ఏర్పడాలంటే, 125 రెట్లు ఎక్కువ పలుకులు పుట్టాలి. పొడవు అయిదో వంతు అయితే పరిమాణం 125వ వంతు అవుతుంది కాబట్టి. అన్నన్ని పలుకులు ఒకేసారి పుట్టాలి. ముందు కొన్ని పుట్టి, తీరిగ్గా పెరిగాయంటే పని చెడిపోయినట్టే.

వేడిగా ఉన్నప్పుడు కలిపితే అదే జరుగుతుంది. 80, 90 డిగ్రీల దగ్గర పాకం పలచగా ఉంటుంది. గరిటె తగలగానే కొన్ని పలుకులు పుడతాయి, చుట్టూ ఉన్న పంచదార అంతా వాటిమీదికే చేరి అవి లావెక్కుతాయి. 43 దగ్గరికి వచ్చేసరికి పాకం బాగా చిక్కబడుతుంది, పంచదార చోటు మారడం కష్టమవుతుంది. అప్పుడు గట్టిగా కలిపితే లెక్కలేనన్ని పలుకులు ఒక్కసారిగా పుడతాయి, ఏ ఒక్కదానికీ పెరిగే తీరిక దొరకదు. ఇంకా చల్లారనిస్తే ఇంకా నున్నగా రావచ్చు, కానీ గరిటె తిరగదు. మనిషి చేతికి సాధ్యమైనంత చల్లగా ఉన్న చోటు 43.

దీన్నిబట్టి చేయాల్సిన పని స్పష్టం. మరుగు వచ్చేదాకా కలపండి, పంచదార పూర్తిగా కరగాలి. మరుగు పట్టాక గరిటె తీసేయండి. గిన్నె అంచులకు చిమ్మిన పంచదార ఆరిపోయి మళ్ళీ పాకంలో రాలితే, ఆ ఒక్క పలుకే మిగతావాటికి విత్తనం అవుతుంది. మొదట్లో రెండు మూడు నిమిషాలు మూత పెడితే ఆవిరే ఆ అంచులను కడిగేస్తుంది. ఆ సమయంలో పొంగకుండా పక్కనే నిలబడండి. అంకె రాగానే దించి, వెన్న, వెనీలా పైన వేసి వదిలేయండి. కలపొద్దు. వెన్న కరిగి పైన పొరలా పరుచుకుంటుంది, పాకం పైభాగం ఎండి పలుకు కట్టకుండా అదే కాపాడుతుంది. గిన్నెను కుదపొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. అడుగుభాగం చేతికి గోరువెచ్చగా తగిలేదాకా ఆగండి.

తర్వాత చెక్క గరిటెతో కలపడం. కొందరికి అయిదు నిమిషాల్లో అవుతుంది, కొందరికి ఇరవై పడుతుంది. చెయ్యి నొప్పెడుతుంది. కానీ మధ్యలో ఆపితే అప్పటిదాకా పుట్టిన పలుకులు పెరగడం మొదలుపెడతాయి కనుక ఇద్దరు ఉంటే మార్చుకుంటూ కలపడం మేలు. మెరుపు తగ్గి, గరిటె గీసిన చార పూడకుండా నిలబడిన క్షణాన వేయించిన జీడిపప్పో అక్రోటో కలిపి, వెన్న రాసిన పళ్ళెంలోకి ఒంపేయాలి. ఆ క్షణం దాటితే గిన్నెలోనే బిగుసుకుంటుంది.

గులాబ్‌జామ్ పాకంలో నిమ్మరసం పిండే అలవాటు మనకుంది. ఆ పులుపు కొంత పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది, అవి పలుకులు పెరగకుండా అడ్డుపడతాయి. ఫడ్జ్‌లో నిమ్మరసం వేస్తే పాలు విరుగుతాయి. దాని బదులు బేకరీ సరుకుల కొట్టులో దొరికే లిక్విడ్ గ్లూకోజ్ ఒక టేబుల్ స్పూన్ మొదట్లోనే వేస్తే సరిపోతుంది. కొత్తవాళ్ళు వేసుకోవడమే మంచిదని నా మాట. మూడు నాలుగు చెంచాలు వేస్తే మాత్రం ముక్క సాగుతుంది.

1888, 30 పౌండ్లు

ఈ మిఠాయికి రాతపూర్వకంగా దొరికే తొలి ఆధారాల్లో ఒకటి ఒక విద్యార్థిని ఉత్తరం. ఎమెలిన్ హార్ట్‌రిడ్జ్ న్యూయార్క్ రాష్ట్రంలోని వాసర్ మహిళా కళాశాలలో చదివారు. 1886లో బాల్టిమోర్‌లో తన స్నేహితురాలి బంధువొకరు దీన్ని చేశారని, అక్కడ పౌండు 40 సెంట్లకు అమ్మేవారని, తాను ఆ వంటకం సంపాదించి 1888లో కళాశాల సీనియర్ల వేలానికి 30 పౌండ్లు, అంటే 13 కిలోలకు పైగా చేశానని ఆమె తర్వాత రాశారు. వాసర్ నుంచి అది స్మిత్, వెల్స్‌లీ కళాశాలల హాస్టళ్ళకు పాకింది, ఒక్కోచోట ఒక్కో మార్పు చేసుకుంది. వాసర్ పేరుతో నిలిచిన కొలత 2 కప్పుల పంచదారకు 1 కప్పు మీగడ. అందులో గ్లూకోజ్ ఊసే లేదు. మీగడలోని కొవ్వే పలుకులకు కొంత అడ్డుపడేది. హాస్టల్ గదుల్లో, థర్మామీటరు లేకుండా, నీళ్ళలో ఉండ కట్టి చూసుకుంటూ ఆ అమ్మాయిలు సాధించిన నైపుణ్యానికి నాకు గౌరవం ఉంది.

దాదాపు అదే కాలంలో, 1887లో, మిషిగన్ రాష్ట్రంలోని మాకినా ద్వీపంలో మర్డిక్ కుటుంబం మిఠాయి కొట్టు తెరిచింది. అక్కడ వేడి పాకాన్ని పాలరాతి బల్ల మీద ఒంపి, అందరి ఎదుటా తెడ్లతో తిప్పి మడుస్తారు. రాయి వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి గంటల తరబడి ఆగనక్కర్లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో దగ్గరి దారులు వచ్చాయి. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ భార్య మేమీ పేరు మీద ప్రసిద్ధమైన వంటకంలో నాలుగున్నర కప్పుల పంచదార, ఒక డబ్బా ఎవాపరేటెడ్ పాలు, రెండు రకాల చాక్లెట్, మార్ష్‌మాలో క్రీమ్ ఉంటాయి. మరిగించేది 6 నిమిషాలే. ఆ పాలలో సగానికి పైగా నీరు ఫ్యాక్టరీలోనే తీసేసి ఉంటుంది, మార్ష్‌మాలో క్రీమ్‌లోని గ్లూకోజ్ పలుకులను అదుపులో పెడుతుంది. ఆ క్రీమ్‌లో గుడ్డు తెల్లసొన, విడి మార్ష్‌మాలోల్లో సాధారణంగా జెలటిన్ ఉంటాయి. శాకాహారుల ఇళ్ళకు పంపేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకా సులువైనది కండెన్స్‌డ్ మిల్క్ ఫడ్జ్. 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్‌లో 500 గ్రాముల డార్క్ చాక్లెట్ సన్నటి సెగ మీద కరిగించి పళ్ళెంలో పోస్తే అయిపోయింది. రుచిగానే ఉంటుంది, తప్పుపట్టను. కానీ దాన్ని గట్టిగా నిలబెట్టేది పంచదార పలుకులు కావు, చాక్లెట్‌లోని కోకో వెన్న. అది 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. డిసెంబరులో పరవాలేదు, విజయవాడ మే నెలలో ఫ్రిజ్ బయట ఆ ముక్క నిలవదు. ఉడికించిన ఫడ్జ్‌కు ఆ బెంగ తక్కువ.

కోకో విషయంలో మన దగ్గర ఒక అనుకూలత ఉంది. దేశంలో కోకో పంటలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో అంతరపంటగా పండుతుంది. ఇక్కడి గింజలతో చేసిన చాక్లెట్ ఇప్పుడు హైదరాబాద్‌లోనూ దొరుకుతోంది. ఈ వంటకంలో కోకో 60 గ్రాములే కనుక, ఖరీదైనా మంచిదే కొనండి. రుచి మొత్తం అందులోనే ఉంది.

కత్తి ఎక్కడ పెట్టాలి

చివరి లెక్క తినేవారిది. 8 అంగుళాల చదరపు పళ్ళెంలో పోసిన ఫడ్జ్‌ను అడ్డంగా 6, నిలువుగా 6 వరసలు కోస్తే 36 ముక్కలు. ఒక్కో ముక్కలో దాదాపు 17 గ్రాముల పంచదార, 85 కేలరీలకు పైన. అదే పళ్ళేన్ని 8 వరసల చొప్పున అంగుళం ముక్కలుగా కోస్తే 64 వస్తాయి, ఒక్కోదానిలో 9 గ్రాముల పైచిలుకు పంచదార, 50 లోపు కేలరీలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం విడిగా చేర్చే చక్కెరలు రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు, అంటే సుమారు 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిది. పెద్ద ముక్కలు రెండు తింటే ఆ 25 దాటిపోయింది. చిన్న ముక్కలు రెండు తింటే ఇంకా మిగిలి ఉంది. వంటకంలో పంచదార తగ్గిస్తే పాకం లెక్క మొత్తం చెడుతుంది. తగ్గించగలిగేది ముక్క పరిమాణమే. మధుమేహం ఉన్నవారి ఇంటికి పంపే డబ్బాలో చిన్నవే పెట్టండి.

గాలి చొరని డబ్బాలో, పొరకీ పొరకీ మధ్య బటర్ పేపర్ పరిచి పెడితే మామూలు గదిలో వారం, పది రోజులు నిలవ ఉంటుంది. ఫ్రిజ్‌లో మూడు వారాలు. పొరపాటున పలుకు కట్టిందా, పారేయకండి. ఆ గడ్డను ముక్కలు చేసి గిన్నెలో వేసి, ఒకటిన్నర కప్పుల నీళ్ళు పోసి, సన్నటి సెగ మీద పూర్తిగా కరిగించి, మళ్ళీ అదే అంకె దాకా మరిగించండి. పంచదారకు పాత తప్పు గుర్తుండదు, అన్ని పలుకులూ కరిగితే లెక్క మళ్ళీ మొదటి నుంచి.

మొదటిసారి చేసేవారు 600 గ్రాములతోనే మొదలుపెట్టండి. ఎక్కువ మందికి కావాలంటే రెండుసార్లు విడివిడిగా వండండి, కొలత రెట్టింపు చేయకండి. మరగడానికి పట్టే సమయం, చల్లారడానికి పట్టే సమయం, చేతితో కలిపే బరువు మూడూ మారిపోయి ఈ అంకెలేవీ పనికిరావు. ముసురు పట్టిన రోజున కాకుండా పొడిగా ఉన్న రోజున వండండి.